మంత్రిగారి వీధి ఇంగ్లీషు

"ఇకమీదట నేను ఇంగ్లీషును వదిలిపెట్టను!" అని విద్యామంత్రిగారు ప్రకటించారు. చిన్నప్పుడు ఇంగ్లీషే ఆయన్ని వదిలిపెట్టి పారిపోయిందని గిట్టనివాళ్ళు గొణిగారు గానీ, గొప్పవాళ్ళ ప్రతిజ్ఞ ముందు గొణుగుడెంత! విదేశీ అతిథులు వచ్చే మహాసభలో కాగితం చూడకుండా ఇంగ్లీషులో ప్రసంగిస్తానని కూడా సెలవిచ్చారు. జనానికి చప్పట్లు, పీఏకు చెమట్లు.

ఆ చెమట తుడుచుకుంటూ పీఏ వెతికి పట్టుకున్న మనిషి ఇంగ్లీషు మాస్టారు. ప్రభుత్వ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు. ఏటా ఎండాకాలం ఊడి, వానాకాలం మళ్ళీ మొలిచే ఉద్యోగం. పెళ్ళిళ్ళలో మామగారు ఆయన్ని "మా అల్లుడండీ, ప్రస్తుతానికి లెక్చరరు" అని పరిచయం చేసేవారు. ఆ "ప్రస్తుతానికి" ములుకులా దిగేది.

"మంత్రిగారి చేత మాట్లాడించండి మాస్టారూ! మిమ్మల్ని పర్మనెంటు చేయించే పూచీ నాది" అన్నాడు పీఏ.

"ఆయనకు గ్రామరు ఎంతవరకు వచ్చండీ?"

"గ్రామరు జోలికి పోకండి. ఉన్న శత్రువులు చాలు."

పుస్తకం ముందు కూర్చోబెడితే మంత్రిగారికి అసెంబ్లీలో లాగే నిద్ర ముంచుకొస్తుందని మాస్టారు మొదటి పాఠంలోనే గ్రహించారు. అందుకని ఆయన్ని వీధికెక్కించారు. "కనబడ్డ బోర్డు చదవండి, కనబడ్డ మనిషితో మాట్లాడండి. అంతే సార్."

బోర్డులు మంత్రిగారు అద్భుతంగా చదివారు. "నో పార్కింగ్" అని బయటికి, గట్టిగా చదివి, కాన్వాయి మొత్తాన్ని అక్కడే ఆపించారు. చదవడం ఒక సబ్జెక్టు, పాటించడం వేరే సబ్జెక్టు.

చిక్కల్లా మనుషులతోనే వచ్చింది. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ దగ్గర కారద్దం దించి, "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అన్నారు మంత్రిగారు, ఆప్యాయంగా.

కానిస్టేబుల్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "తప్పయిపోయింది సార్! నిన్న నేనాపింది మీ బావమరిదిగారి బండని తెలీదు సార్! పిల్లలుగలవాణ్ణి సార్!"

మంత్రిగారు వెనక్కి తిరిగారు. "పేరు మరీ ఇంత పొడుగేంటి మాస్టారూ?"

సెలూన్లో "హౌ ఆర్ యూ?" అంటే యజమాని గడ్డం సగంలో వదిలేసి, గోడకున్న లైసెన్సు ఊడబీకి తెచ్చి చూపించాడు. మంత్రిగారు ఆ పూటకి అరగడ్డంతోనే పాలించారు.

పీఏకు విషయం బోధపడింది. "జనానికి ఇంగ్లీషు రాకపోతే మంత్రిగారికెలా వస్తుంది చెప్పండి?"

మర్నాటి నుంచి మంత్రిగారు నడిచే దారంతా పార్టీ కార్యకర్తలే పళ్ళమ్మారు, కార్యకర్తలే గడ్డాలు గీశారు, కార్యకర్తలే బూట్లకు పాలిష్ పట్టారు. ఈ చివరి పనికి శిక్షణ అవసరం పడలేదు. తలా ఒక వాక్యం మాస్టారే బట్టీ పట్టించారు. "హౌ ఆర్ యూ?" అనడం ఆలస్యం, పళ్ళబండి నుంచి "వెరీ హ్యాపీ సార్, బికాజ్ ఆఫ్ యూ!" అని వినబడేది. ప్రజలు ఇంత హాయిగా ఉన్నారని మంత్రిగారికి తెలుగులో ఎప్పుడూ తెలియలేదు.

ఒకసారి మాత్రం వాళ్ళ మధ్యకి ఒక ముసలావిడ జొరబడింది.

"ఎనీ ప్రాబ్లమ్?" అన్నారు మంత్రిగారు.

"కొళాయిలో నీళ్ళొచ్చి నెల దాటింది నాయనా."

"వెరీ గుడ్! కీప్ ఇట్ అప్!" అని ఆవిడ భుజం తట్టి ముందుకు సాగారు.

"ఎవరండీ ఆవిడ?" అని మాస్టారు గాభరాపడితే, "సిలబస్‌లో లేదులెండి" అన్నాడు పీఏ.

సభ దగ్గరపడ్డాక పీఏ ఒక మాట పట్టుకొచ్చాడు. "ప్రసంగంలో 'అబాలిష్' దగ్గర మంత్రిగారి నోరు తిరగట్లేదు. కాస్త తిప్పి పెట్టండి." రద్దు చేసేది దేన్నని మాస్టారు అడగలేదు. పర్మనెంటు కాబోయేవాడు ప్రశ్నలడగడు. పొద్దున్నా సాయంత్రం కూర్చోబెట్టి తిప్పించారు. మాట గంటలా మోగింది.

సభరోజు మాస్టారు మామగారిని తీసుకెళ్ళి ముందు వరసలో, తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. మంత్రిగారు మాట్లాడుతుంటే విదేశీ అతిథులు తలలూపారు. చివర్లో ఆయన మైకును దగ్గరికి లాక్కున్నారు.

"ఐ డిడ్ నాట్ లెర్న్ ఇంగ్లీష్ ఇన్ క్లాస్‌రూమ్! ది స్ట్రీట్ ఈజ్ మై టీచర్! సో, టుడే, ఐ అబాలిష్ ఆల్ ఇంగ్లీష్ లెక్చరర్ పోస్ట్స్!"

అబాలిష్ అక్షరం పొల్లుపోలేదు. అందరికన్నా ముందు చప్పట్లు మొదలుపెట్టింది మాస్టారే. రెండో చప్పటకి చేతులు గాల్లో ఆగిపోయాయి.

"ఏమంటున్నాడు అల్లుడూ?" అన్నారు మామగారు.

"బాగా పలికాడు మామయ్యగారూ."

అయితే పీఏ మాట మీద నిలబడే మనిషి. కాలేజీ పోస్టులు పోయినా, "వీధి ఇంగ్లీషు పథకం" కింద పౌరులతో మాట్లాడటానికి ప్రభుత్వమే మనుషుల్ని నియమించింది. వాళ్ళలో మాస్టారొకరు. హోదా: బస్టాపు ప్రయాణికుడు, గ్రేడ్ టూ. పెన్షను కూడా ఉంది.

"పర్మనెంటేనా?" అంది భార్య, ఆర్డరు కేసి అనుమానంగా చూస్తూ.

"పర్మనెంటే."

"పోన్లెండి. నిలబడే ఉద్యోగం."

సోమవారం పొద్దున మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచీతో బస్టాపులో నిలబడ్డారు. డ్యూటీ టైములో స్థలం వదిలితే సస్పెన్షను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. మాట్లాడే పౌరుడు ఒక్కడూ రాలేదు. మధ్యాహ్నం దాటాక ఒక కండక్టరు జాలిపడి, బస్సాపించి, మెట్టు మీంచి వంగాడు.

"పొద్దుట్నుంచీ చూస్తున్నా సార్, ఇక్కడే ఉన్నారు. ఎక్కండి, అన్ని ఊళ్ళకీ పోద్ది, సీట్లు కూడా ఖాళీ!"

మాస్టారు ఆ ఖాళీ సీట్ల కేసి ఒకసారి చూశారు. గొంతు సవరించుకున్నారు.

"నో, థాంక్యూ. అయామ్ వెయిటింగ్ ఫర్ ది బస్."