కుర్చీ కదలదు!

మా ఆవిడ టైలరు. చేతిలో కత్తెర కన్నా నోట్లో నాలుక పదును. నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఇంట్లో నా మాట ఒక్కటీ చెల్లదు గానీ, కంప్యూటరులో నేను చెప్పిందే వేదం.

గొడవంతా పడగ్గది కిటికీ పక్క మూల గురించి. అక్కడ నా కుర్చీ ఉంది. ఒక కాలు విరిగి, ఇటుక మీద నిలబడింది.

"ఏమండీ, ఈ కుంటి కుర్చీ తీసేస్తే అక్కడ నా మిషను వేసుకుంటాను. వంటింట్లో వెలుతురు చాలక నిన్న చొక్కాకి మూడో చెయ్యి కుట్టబోయాను."

"ప్రాణం పోయినా కుర్చీ కదలదు!"

"ప్రాణం వద్దులెండి, కుర్చీ చాలు."

ఇలా కాదని ఒక ప్రోగ్రాము రాశాను. పది నిమిషాలకోసారి హాల్లో స్పీకరు నా గొంతుతో "కుర్చీ కదలదు! ఏం చేసుకుంటావో చేసుకో!" అని అరుస్తుంది. "సరే" అన్న మాట చెవిన పడిందా, తనంతట తానే ఆగిపోతుంది.

"ఆ మాట నీ నోట రావాలి, ఇది ఆగాలి," అన్నాను మీసం దువ్వుతూ.

"మధ్యలో మీరే ఆపేస్తే?"

"ఓడినట్టే!"

అంతే, మా ఆవిడ ఆ మాటను తన భాషలోంచి కత్తిరించి పారేసింది. "అలాగే", "మంచిది", "ఊఁ", ఇవే వాడకం. జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన పక్కింటావిడ అరుపుకి అదిరిపడి టేపుతో సహా బయటికి పరుగెత్తింది. ఫోనులో విన్న మా అత్తగారు, "అల్లుడికి ఎన్నాళ్ళ నుంచే ఇలా?" అని ఏడుపందుకుంది.

మర్నాడు తలుపు వేసుకుని, నా కుర్చీలో కూర్చుని, వీడియోలో మేనేజరుగారి ముందు వినయంగా తలూపుతున్నాను.

"పని ఆలస్యం చేసేవాళ్ళు కుర్చీ ఖాళీ చెయ్యాల్సి ఉంటుంది," అన్నారాయన.

నా వెనక నుంచి నా గొంతే గర్జించింది: "కుర్చీ కదలదు! ఏం చేసుకుంటావో చేసుకో!"

తిరిగి చూస్తే కిటికీ గట్టు మీద హాల్లో ఉండాల్సిన స్పీకరు! తలుపు తెరిచి గుమ్మంలో మా ఆవిడ, పెదాల మధ్య గుండుసూదులతో, అమాయకంగా.

మేనేజరుగారి మొహం కందగడ్డయింది. "ఇంట్లోంచి పని చేసింది చాలు! రేపటి నుంచి రోజూ ఆఫీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోవాలి. తెలిసిందా?"

"స... స... సరే సార్!"

"ఓటమి ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు!" అంది స్పీకరు. మా ఆవిడ ఓడినప్పుడు వినిపించాలని నేను ముచ్చటపడి రికార్డు చేసుకున్న మాట అది. తర్వాత స్పీకరు నోరు మూసుకుంది.

ఆవిడ సూదులు తీసి, తాపీగా అడిగింది. "రోజంతా ఆఫీసులో ఉండే మనిషికి ఇంట్లో కుర్చీ ఎందుకండీ?"

సాయంత్రం ఇటుకతో సహా కుర్చీని డాబా మీదికి నేనే మోశాను.

అయినా ఓడిపోయానని మాత్రం అనకండి. ఆ "సరే" నేనన్నది మా సారుతో. మా ఆవిడతో ఇంతవరకూ అనలేదు. అనను కూడా!