ముందొచ్చి కూర్చున్నది

కోల్డ్ స్టోరేజీలో పండ్లకు పట్టే బూజును ఇకమీదట మందులతో కాక, మరో సూక్ష్మజీవి చేత అరికట్టించాలని యాజమాన్యం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి ఎవరూ వ్యతిరేకించలేదు.

పరిశోధనశాల నుంచి వచ్చిన మేడం మాత్రం ఓపిగ్గా వివరించారు. "ఇది ఈస్ట్ అండీ. కోతలో పండుకి గీతలు పడతాయి కదా, ఇది ముందెళ్లి ఆ గీతల్లో కూర్చుని, అక్కడున్న తీపంతా తినేస్తుంది. తర్వాత బూజొచ్చినా చోటుండదు, తిండుండదు. కాకపోతే పండు వచ్చిన రోజే చల్లాలి."

ముందొచ్చి కూర్చోవడం, ఉన్నదంతా తినడం, మరొకరిని రానివ్వకపోవడం ఆఫీసులో అందరికీ బాగా అలవాటైన విద్యే. కుర్చీలోంచి లేవని మేనేజరు గారు సైతం ఆ జీవి మీద గౌరవంతో కాస్త లేచారు.

స్టోర్‌కీపర్‌ను అందరూ ముక్కు మావయ్య అంటారు. పండు చెడితే, కంటికి కనబడటానికి రెండు రోజుల ముందే ఆయన ముక్కు పసిగడుతుంది. ఆ రోజే ఆయన చెల్లెలి తోటలోని కమలాపండ్లన్నీ మూడో గదికి చేరాయి. ఏడాది పంట. "నేనున్నాను కదమ్మా, నీకెందుకు బెంగ?" అని ఆమెను సాగనంపారు.

మేడం ఈస్ట్ డబ్బా మూత తీయబోతే మేనేజరు గారు ఆపారు.

"ప్రారంభోత్సవం లేకుండానే? అధ్యక్షులవారు పదో రోజున వస్తారు. అప్పటిదాకా బూజుని ఆగమనండి."

బూజు క్రమశిక్షణ లేనిది, ఆగలేదు. నాలుగో రోజు మూడో గది తలుపు తీయగానే ముక్కు మావయ్యకు బూజు వాసన తగిలింది. పరుగున వెళ్లి చెప్పారు.

"కంటితో చూశారా? లేదు కదా! వాసనని నివేదికలో ఎలా రాస్తామండీ?" అన్నారు మేనేజరు గారు.

రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి. ముక్కు మావయ్య వెళ్లి మూడో గది తలుపు మళ్లీ మూసేశారు.

తొమ్మిదో రోజు ఆనవాయితీ ప్రకారం శుభ్రత మొదలైంది. పెద్దలు వచ్చే చోట క్రిములు ఉండరాదు కనుక నేల, గోడలు, చల్లే యంత్రం అన్నీ బ్లీచింగుతో కడిగారు. మర్నాటి కోసం ట్యాంకులో కలిపి ఉంచిన ఈస్ట్‌లో కూడా, ఎందుకైనా మంచిదని, రెండు సీసాలు పోశారు. మేడం లబోదిబోమన్నారు. ప్రశంసాపత్రం ఇస్తామని ఊరుకోబెట్టారు.

పదో రోజు అధ్యక్షులవారు ఒక్క పండు మీద చల్లి, ఉపన్యసించారు. "ఈ చిన్నజీవి మనకు ఆదర్శం! ప్రచారం కోరదు! సెలవు అడగదు!"

నిజమే, చచ్చినది రెండూ అడగదు.

ఆ తర్వాత మూడో గది తెరిచారు. పెట్టెపెట్టెకీ బూజు ఆకుపచ్చ తివాచీ పరిచినట్టుంది.

"ఓహో, మన సూక్ష్మజీవి ఇదేనా! ఎంత ఏపుగా పెరిగింది!" అని మురిశారు అధ్యక్షులవారు.

"తమరి చెయ్యి పడింది కదండీ," అన్నారు మేనేజరు గారు.

ముందొచ్చింది, కూర్చుంది, ఉన్నదంతా తింది, మరొకరిని రానివ్వలేదు. ప్రయోగం నూటికి నూరుపాళ్లూ ఫలించినట్టు నమోదైంది. చప్పట్లు మోగాయి.

లబ్ధిదారుగా ముందు వరసలో కూర్చోబెట్టిన చెల్లెలు లేచి అన్న దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, నీ ముక్కుకి ఎన్నో రోజున తెలిసింది?"

ఆయన తల దించుకున్నారు. చప్పట్లు మాత్రం ఆపలేదు, మేనేజరు గారు ఇటే చూస్తున్నారు.

గదిలో ఏ వాసనా లేదని హాజరైనవారంతా సంతకాలు పెట్టారు. ఇంత చదివినా మీకూ ఏ వాసనా రాలేదు కదా? అయితే ఇదిగో, మీ సంతకానికి కింద కాస్త ఖాళీ ఉంది.