పాఠానికి తోడొచ్చిన దొంగ

"తలుపు తియ్యండి! నేను తనిఖీ అధికారిని!"

ఆటసామాన్ల గదిలోంచి ఆ కేక వినగానే డ్రిల్లు మాస్టారు తాళంచెవిని పిడికిట్లో ఇంకా గట్టిగా బిగించారు. "విన్నావా తమ్ముడూ? అధికారినంటూ వస్తాడని మైకులో ముందే చెప్పారు. బట్టతల, గళ్ల చొక్కా, తోలు సంచీ... అన్నీ సరిపోయాయి!"

కొత్త తెలుగు పంతులికి పైప్రాణాలు పైనే పోయాయి. సరిపోక చస్తాయా? బట్టతలా గళ్ల చొక్కా ఏ బస్సెక్కినా కనిపిస్తాయి. అసలు ఆ దొంగను పుట్టించిందే తను. ఇవాళ అధికారి తన పాఠం మెచ్చుకుంటేనే ఉద్యోగం పర్మనెంటు. చెప్పబోయేది, కొత్తల్లుణ్ణి దొంగనుకుని స్తంభానికి కట్టేసిన అత్తవారి హాస్యకథ. దానికి జోడీగా పిల్లల చేత చదివించడానికి మరేదైనా దొరుకుతుందేమోనని లైబ్రరీ అంతా గాలించాడు. ఏదీ కుదరక, అధికారినంటూ తిరిగే దొంగ గురించి పోలీసు ప్రకటనొకటి సొంతంగా అల్లాడు. దాన్ని పాఠంలో వాడుకోవడానికి అనుమతి సంతకం కోసం పొద్దున్నే ప్రిన్సిపాలమ్మ బల్ల మీద పెట్టాడు.

ఆవిడకో అలవాటుంది. ప్రార్థన కాగానే బల్ల మీదున్న కాగితాలన్నీ మైకులో చదివేస్తారు. ఏం చదువుతున్నారో చూసుకునే తీరిక మాత్రం ఆవిడకుండదు.

"అన్నా, అది ఉత్తుత్తి దొంగ! నేను రాసిందే!"

"నీది మరీ మెత్తని మనసయ్యా. పోలీసులొచ్చేదాకా తియ్యను."

చేసేది లేక పంతులు హాస్యకథ ప్రతినీ, తను రాసిన ప్రకటన నకలునీ తలుపు కిందనుంచి లోపలికి తోశాడు. "సార్, కాస్త ఇవి చదవండి. సంగతి మీకే తెలుస్తుంది."

కేకలు ఆగాయి. కాసేపటికి లోపల దగ్గులాంటి చప్పుడు. మరికాసేపటికి అది దగ్గు కాదని తేలింది.

ఇంతలో ప్రిన్సిపాలమ్మ రొప్పుతూ వచ్చారు. "కొంప ముంచారు కదయ్యా! ఆయన నిజం అధికారే! తియ్యి ముందు!" తలుపు తెరుచుకోగానే ఆవిడ వేలు పంతులి వైపు లేచింది. "ఇదంతా ఇతగాడి రాత సార్! ఇవాళే పంపించేస్తాను!"

అధికారి చొక్కాకంటిన దుమ్ము దులుపుకున్నారు. "కథకి ప్రకటన భలే జోడీ కుదిరిందమ్మా. ఏ పాఠమూ నాకింత బాగా ఒంటబట్టలేదు." జేబులోంచి పెన్ను తీసి పంతులి వైపు తిరిగారు. "నీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్కటి చెప్పు నాయనా. దాన్ని మైకులో చదివిందెవరు?"

ప్రిన్సిపాలమ్మ గుడ్లురిమారు. డ్రిల్లు మాస్టారు తన బూట్లకేసి చూసుకున్నారు. పంతులు పెన్ను వైపు చూశాడు.

"మేడమ్‌గారేనండి. ఉచ్చారణలో మాత్రం ఒక్క తప్పు లేదు."