మూడోసారి మాత్రం రక్షించకండి

ఆదివారం ఉదయం ఏడు గంటలకు లిఫ్టు మెకానిక్ హాలు మధ్యలో ఒక దిండు మీద నిలబడి, కళ్ళు మూసుకుని, ఎడమ చేత్తో నారింజ రంగు గుడ్డను నడుముకున్న సంచిలోకి కుక్కుతున్నాడు. సోఫాలో కూర్చున్న భార్య ఒక చేత్తో కాఫీ కప్పు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని సెకన్లు లెక్కపెడుతోంది.

"పదకొండు," అంది. "కానీ రెండు తాళ్ళు మీ మెడకే ఉన్నాయి."

"అవి లెక్కలోకి రావు."

"సముద్రానికి కూడా అదే చెప్పండి."

ఆ గుడ్డ పేరు రెక్క. విప్పితే చిన్న పారాషూట్‌లా గాలి నింపుకుంటుంది. మడిస్తే ఒక జత సాక్సులంత అవుతుందని అమ్మినవాడు చెప్పాడు. దాని తాళ్ళన్నీ ఒక చిన్న కర్రకు కట్టి ఉంటాయి. ఆ కర్ర పట్టుకుని ఫాయిల్ బోర్డు మీద నిలబడాలి. ఆ బోర్డుకు అడుగున ఒక పొడవాటి కాలు, ఆ కాలికి విమానానికున్నట్టు చిన్న రెక్కలు ఉంటాయి కాబట్టి, వేగం అందుకోగానే మనిషితో సహా నీళ్ళ మీంచి అడుగున్నర పైకి లేస్తుంది. అసలు విద్య ఆ తరువాతే ఉంది. లేచినవాడు గుడ్డను ఒంటి చేత్తో మడిచి సంచిలో పెట్టేసుకుని, గాలి తోసుకుపోతున్న అలల మీద ఖాళీ చేతులతో మైళ్ళకొద్దీ జారుకుంటూ పోవచ్చు. మెకానిక్‌కు మూడు నెలల్లో లేవడం వచ్చింది. మడవడం దిండు మీద మాత్రమే వచ్చింది.

ఇంత తాపత్రయం ఎందుకంటే, ఆ ఇంట్లో ఒక అటక ఉంది. దాని మీద ఒక గిటారు, ఒక టెలిస్కోపు, తొక్కని వ్యాయామ సైకిలు, సగం అల్లిన బుట్ట ఒకటి ఉన్నాయి. అన్నీ మెకానిక్‌వే. ఏదీ ఆరు నెలలు దాటి కింద ఉండలేదు. వారానికి ఆరు రోజులు అంతస్తుకీ అంతస్తుకీ మధ్య చీకటి గొయ్యిలో గ్రీజు పూసుకునే మనిషికి, నాలుగు పక్కలా గోడ లేని చోటు దొరికింది ఈ సముద్రం మీదే. దీన్ని మాత్రం అటకెక్కనివ్వకూడదని అతను మనసులో గట్టిగా అనుకున్నాడు.

అయితే సముద్రతీరం క్లబ్బుకో నియమం ఉంది. ఒక సీజనులో మూడుసార్లు రక్షక బోటు ఎక్కినవాడి కార్డు రద్దవుతుంది. మెకానిక్ ఇప్పటికి రెండుసార్లు ఎక్కాడు. మొదటిసారి తాళ్ళు కాళ్ళకు చుట్టుకుని పార్సిలులా దొరికాడు. రెండోసారి సంచిలో సగం కుక్కిన రెక్క తనంతట తాను విచ్చుకుని, అతన్ని వెనక్కి పడుకోబెట్టి లాక్కుపోయింది.

"మూడోసారి గనక బోటెక్కారో," అంది భార్య కప్పు కింద పెడుతూ, "క్లబ్బువాళ్ళు కార్డు తీసుకుంటారు. నేను నిచ్చెన తెస్తాను."

అప్పుడు లోపలి గదిలోంచి మామగారు తయారై వచ్చారు. మామగారు రైల్వేలో ముప్పై ఆరేళ్ళు సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి రిటైరయ్యారు. మెడలో బైనాక్యులర్లు, జేబులో చిన్న నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్సిలు.

"అల్లుడుగారూ, ఊరికే కూర్చోలేను. నాకూ ఏదో డ్యూటీ చెప్పండి," అన్నారు.

మెకానిక్ హడావుడిలో బోర్డు చంకన పెట్టుకుంటూ, "ఏముంది మామయ్యగారూ, గట్టు మీది బెంచీపై కూర్చుని చూస్తూ ఉండండి. రెక్క పైన కనిపించినంతసేపూ నేను బాగున్నట్టే. కనబడకపోతే రక్షక బోటు కెప్టెన్‌గారికి ఒక మాట చెప్పండి," అన్నాడు.

మాట వరసకన్న మాట అది. కానీ మామగారు నోటుబుక్కు తీసి రాసుకున్నారు: *రెక్క పైన - క్షేమం. రెక్క కింద - ప్రమాదం.* రాసి, కింద గీత గీశారు.

పథకం తేలికైనదే. జెట్టీ దగ్గర మెకానిక్ నీళ్ళలో దిగుతాడు. గాలి ఒడ్డు వెంబడే వీస్తోంది కాబట్టి, దానితో పాటే ఏడు కిలోమీటర్లు వెళ్ళి లైట్‌హౌసు పక్కనున్న ఇసుక ఒడ్డున తేలుతాడు. భార్య కారుతో ముందే అక్కడికి వెళ్ళి తువ్వాలు పట్టుకుని ఉంటుంది. మామగారు జెట్టీ దగ్గర బోటు షెడ్డు ముందున్న బెంచీ మీద కాపలా.

తొమ్మిదిన్నరకు మెకానిక్ బోర్డు మీద లేచాడు. నారింజ రెక్క బిగిసి నిలబడింది. మామగారు రాసుకున్నారు: *9:31. పైన.* రెండు నిమిషాల తర్వాత: *9:33. పైన.* అలా పేజీ నిండా.

తొమ్మిదీ నలభై ఎనిమిదికి, ఒడ్డుకి దూరంగా, ఒక పెద్ద అల మెకానిక్‌ను వెనకనుంచి ఎత్తిపట్టింది. అతను కళ్ళు మూసుకుని దిండును తలుచుకున్నాడు. ఎడమ చెయ్యి దానంతట అదే తాళ్ళను దగ్గరికి లాగింది, గుడ్డను పిడికిట్లోకి తెచ్చింది, సంచిలోకి కుక్కింది. కళ్ళు తెరిచి చూసుకుంటే మెడలో ఏమీ లేదు. చేతులు ఖాళీ. బోర్డు చప్పుడు లేకుండా అల మీద జారిపోతోంది. మెకానిక్‌కు ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది. "వచ్చేసింది! నాకు వచ్చేసింది!" అని సముద్రమంతా వినబడేలా అరిచాడు.

మామగారు రాసుకున్నారు: *9:48. కింద.*

ఆయన తొందరపడే మనిషి కాదు. రూలు ప్రకారం రెండు నిమిషాలు ఆగారు. *9:50. కింద.* అప్పుడు లేచి, చొక్కా సర్దుకుని, షెడ్డులోకి వెళ్ళారు.

రక్షక బోటు కెప్టెను మామూలు రోజుల్లో బడిలో డ్రిల్లు టీచరు. మెడలో ఈల ఎప్పుడూ ఉంటుంది. "రెక్క కనబడకపోతే కంగారేం లేదండీ," అంది. "అలలు దొరికాక దాన్ని మడిచి సంచిలో పెట్టేసుకుంటారు. అందరూ చేసేదే."

"మా అల్లుడుగారూనా?"

కెప్టెను ఒక్క క్షణం ఆలోచించింది. ఈ మనిషిని ఆవిడ మూడు నెలలుగా చూస్తోంది. రెండుసార్లు చేతులతో పైకి లాగింది.

"బోటు తియ్యాలి!" అని ఈల వేసింది.

ఇద్దరుండాల్సిన బోటుకి ఆ రోజు రెండోవాడు సెలవు. "నేనొస్తాను. మనిషిని గుర్తుపట్టాలిగా," అని మామగారు లైఫ్ జాకెట్ తొడుక్కుని ఎక్కేశారు. ఆయనకు ఈత రాదన్న సంగతి బోటు కదిలాక చెప్పారు. అంతటితో ఆగకుండా కూతురికి ఫోను చేశారు.

"అమ్మాయీ, కంగారు పడకు. రెక్క పడిపోయింది."

"ఆయన?"

"ఆయన గురించి ఇంకా సమాచారం అందలేదు."

ఫోను పెట్టేసిన క్షణంలో కూతురు అంబులెన్సుకు ఫోను చేసింది. అంబులెన్సు మోత విని లైట్‌హౌసు ఒడ్డున నడకకు వచ్చినవాళ్ళు ఆగారు. ఆగినవాళ్ళను చూసి ఇంకొందరు ఆగారు. పది నిమిషాల్లో, సముద్రం ఒక మనిషిని మింగేసిందని సగం మందికీ, ఇద్దర్ని మింగేసిందని మిగతా సగానికీ తెలిసిపోయింది.

ఇక్కడ సముద్రం మీద మెకానిక్ వెనక ఇంజను చప్పుడు విని తల తిప్పాడు. ఎర్ర బోటు ఎగిరెగిరి పడుతూ వస్తోంది. 'ఎవడో పాపం మునిగినట్టున్నాడు' అనుకుని చుట్టూ చూశాడు. చుట్టూ ఎవరూ లేరు. బోటు ముందు భాగాన మామగారు నిలబడి తనవైపే వేలు చూపిస్తున్నారు.

మెకానిక్‌కు సంగతి అర్థమైంది. జీవితంలో మొదటిసారి ఒక పని సరిగ్గా కుదిరిన రోజున తనను రక్షించడానికి వస్తున్నారు! "వద్దు! వెళ్ళిపోండి!" అని రెండు చేతులూ తల మీదికెత్తి ఊపాడు.

నీళ్ళలో రెండు చేతులూ ఎత్తి ఊపితే 'కాపాడండి' అని అర్థం. క్లబ్బు షెడ్డు గోడ మీద బొమ్మతో సహా ఉంటుంది.

"అయ్యో, చేతులూపుతున్నాడు!" అని కెప్టెను ఇంజను వేగం పెంచింది.

మెకానిక్ పారిపోవడం మొదలుపెట్టాడు. మోకాళ్ళు వంచి బోర్డును తొక్కుతూ ఒక అల మీంచి ఇంకో అల మీదికి దూకాడు. ప్రాణభయంతో పరుగెత్తేవాళ్ళుంటారు కానీ, ప్రాణం కాపాడతారన్న భయంతో పరుగెత్తినవాడు ఆ సముద్రం మీద అతనొక్కడే. లైట్‌హౌసు కనిపించింది. దాని ముందున్న నల్లరాళ్ళ వరసా కనిపించింది. అది దాటితే ఇసుక ఒడ్డు. ఇంకో అయిదు నిమిషాలు.

"మేడం, చక్రం విసురుతున్నాను!" అన్నారు మామగారు, రక్షక చక్రం చేతిలోకి తీసుకుని.

"ఇంకా దూరముంది, ఆగండి!"

"సిగ్నల్ ముందే ఇవ్వాలి మేడం. బండి వచ్చాక ఇస్తే లాభం లేదు. తాడు చాలదనే ఇంకో తాడు కూడా ముడేశాను," అంటూ విసిరేశారు. చక్రం బోటు వేగాన్ని అందుకోలేక బోటు వెనక్కే వచ్చి పడింది. దాని వెంట తాడు, తాడు వెంట ఇంకో తాడు ఇంజను ఫ్యానులోకి వెళ్ళి, ఉండలా చుట్టుకుని, గుర్రుమని ఆగిపోయాయి. ఇంజనూ ఆగిపోయింది.

*10:07. ఇంజను ఆగింది,* అని మామగారు రాసుకున్నారు.

"లంగరు వెయ్యండి! గాలి మనల్ని రాళ్ళ మీదికి తోస్తోంది," అంది కెప్టెను తెడ్డు అందుకుంటూ.

మామగారు పెన్సిలు ఆపారు. "లంగరు తాడు ఎక్కడుంటుంది మేడం?"

"మీ కాళ్ళ దగ్గర చుట్ట చుట్టి ఉంటుంది కదా?"

"ఆ చుట్టనే నేను ముడేసింది."

ముందున్న మెకానిక్‌కు ఇంజను చప్పుడు ఆగడం వినబడింది. బతికాననుకున్నాడు. ఒక్కసారి వెనక్కి చూశాడు. బోటు పక్కకు తిరిగి, అలల మీద ఊగుతూ, నల్లరాళ్ళ వైపు కొట్టుకొస్తోంది. కెప్టెను ఒక్కతే తెడ్డుతో కుస్తీ పడుతోంది. మామగారు రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నారు. గోడ మీద బొమ్మలో ఉన్నట్టే.

మామగారికి ఈత రాదని మెకానిక్‌కు తెలుసు. ఒడ్డు కూడా కళ్ళ ముందే ఉంది. అక్కడ తువ్వాలు పట్టుకున్న భార్య చుక్కలా కనిపిస్తోంది. మూడు నెలల కల ఆ కాస్త దూరంలో ఉంది. ఇక్కడ ఆగితే ఆ బోటే వచ్చి తనను తాకుతుంది. వాళ్ళను రాళ్ళ నుంచి తప్పించాలంటే ఎక్కక తప్పదు. ఎక్కితే మూడోసారి.

"నా ఖర్మ," అని మెకానిక్ నీళ్ళలో దూకి బోర్డు మీద కూర్చున్నాడు. గాలే బోటును అతని దగ్గరికి తెచ్చింది. రోజూ లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకు తలుపు సందులోంచి చెప్పే మాట అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"కదలకండి. భయపడకండి. వచ్చేస్తున్నాను."

బోటెక్కి, సంచి విప్పి, రెక్కను గాలికి వదిలాడు. ఎప్పుడూ నూడుల్స్‌లా ఉండే తాళ్ళు ఆ రోజు ఒక్క చిక్కు లేకుండా విచ్చుకున్నాయి. మొదటిసారి సరిగ్గా మడిచాడు మరి. నారింజ గుడ్డ టపీమని బిగిసింది. మెకానిక్ బోటు ముందు భాగానికి కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. మామగారు అతని నడుం పట్టుకున్నారు. కెప్టెను వెనక తెడ్డుతో దారి తిప్పింది. బోటు నెమ్మదిగా, అయిష్టంగా ముక్కు తిప్పి, ఆఖరి రాయిని రెండు గజాల దూరంలో దాటింది.

"పైన ఉంది!" అని అరిచారు మామగారు ఆకాశంకేసి చూస్తూ. "సిగ్నల్ పైన ఉంది!"

ఒడ్డు చేరేసరికి జనం చప్పట్లు కొట్టారు. అంబులెన్సువాళ్ళు స్ట్రెచరుతో పరుగెత్తుకొచ్చారు. పడుకోబెట్టడానికి ఎవరూ దొరక్క, కాస్త రొప్పుతున్నారని మామగారిని పడుకోబెట్టి బీపీ చూశారు. భార్య వచ్చి మెకానిక్‌ను పైనుంచి కిందదాకా చూసి, తువ్వాలు కప్పి, అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కెప్టెను బోటులోని డబ్బాలోంచి రిజిస్టరు తీసింది.

"నాకూ బాధగానే ఉంది మెకానిక్‌గారూ. కానీ రూలు రూలే. నీళ్ళలోంచి మా బోటెక్కినవాడిని రాయాల్సిందే."

మెకానిక్ తల వంచుకున్నాడు. "రాయండి మేడం. పోన్లెండి."

"ఒక్క నిమిషం," అన్నారు స్ట్రెచరు మీంచి మామగారు. బీపీ పట్టీ చేతికి ఉండగానే లేచి కూర్చుని నోటుబుక్కు తెరిచారు. "పదీ ఏడుకి ఇంజను ఆగింది. పదీ పదమూడుకి అల్లుడుగారు ఎక్కారు. ముప్పై ఆరేళ్ళ సర్వీసుతో చెబుతున్నాను మేడం, ఆగిపోయిన బండి ఎవరినీ ఎక్కడికీ చేర్చదు. లాగినదే ఇంజను. మీరూ నేనూ బోగీలం. ఇప్పుడు ఎవరు ఎవర్ని తెచ్చారో రూలు ప్రకారమే రాయండి."

కెప్టెను ఆ నోటుబుక్కు తీసుకుని చదివింది. తన బోటు వైపు చూసింది. ఫ్యానుకు చుట్టుకున్న తాడు చూసింది. పెన్ను తీసి రాసింది: *రక్షించబడినవి: క్లబ్బు బోటు ఒకటి, కెప్టెను ఒకరు, రైల్వే రిటైర్డు ఒకరు. రక్షించినవారు: లిఫ్టు మెకానిక్.* రాసి, నిట్టూర్చి, నియమం గుర్తొచ్చి, పక్కన చేర్చింది: *బోటుకు ఇది మొదటిసారి.*

మెకానిక్ ఆ లైను మూడుసార్లు చదువుకున్నాడు. ఇల్లు చేరేదాకా కారులో అతని నవ్వు ఆగలేదు. వెనక సీట్లో మామగారు వచ్చే ఆదివారం డ్యూటీకి కొత్త పేజీ గీతలు గీసుకుంటున్నారు. భార్య అద్దంలో తండ్రిని కాసేపు చూసింది.

"ఇంటికెళ్ళాక నిచ్చెన తీయండి," అంది భర్తతో. "అటక మీద కాస్త చోటు చెయ్యాలి."

మెకానిక్ నవ్వు ఠక్కున ఆగిపోయింది. "కార్డు పోలేదుగా? రిజిస్టరులో నన్ను రక్షించినవారిలోనే రాశారుగా?"

"నిచ్చెన తీయండి, చెబుతాను."

ఆ సాయంత్రం అటక మీద టెలిస్కోపుకు తోడుగా మామగారి బైనాక్యులర్లు చేరాయి.