సమ్మమ్మ ‘సూద్దాం తియ్’ అన్నది

పిలిచిన వెంటనే కూలీలు రాకపోవడం ఈ కాలంలో రైతుకు దక్కిన గొప్ప వరం!

పేపరు అప్పుడే మడిచేయకండి. అనుభవం మీద చెబుతున్నాను. నేను ఐదెకరాల పత్తి రైతును. హనుమకొండలో ఉంటాను, మూడు పోర్షన్ల అద్దెలు వస్తాయి, అది వేరే విషయం. పొలం నర్సంపేట అవతల ఉంది. నా మనసెప్పుడూ అక్కడే ఉంటుంది. మనిషి మాత్రం ఏడాదికి ఓ పదిసార్లు వెళ్ళొస్తుంటాడు.

మా రైతు మిత్రులది ఒకటే ఏడుపు. ‘పింఛన్లిచ్చి జనాన్ని పాడు చేశారండీ, ఊళ్ళల్లో ఒక్కరూ పనికి రావడం లేదు!’ ఈ మాట పెళ్ళిలో బఫే లైన్లో నిలబడి అంటారు. ఏసీ కారులో వెనక్కి వాలి అంటారు. షటిల్ కోర్టులో ర్యాకెట్ చంకలో పెట్టుకుని అంటారు. మొన్నటిదాకా నేనూ అన్నాను. ఇప్పుడు నాకు జ్ఞానోదయమైంది, దాన్ని ప్రసాదించినామె పేరు సమ్మమ్మ.

సమ్మమ్మ మా పొలమున్న ఊళ్ళో పత్తి ఏరే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద. అరవై దాటింది. ఆమె కొంగు బిగించి బయల్దేరితే మిగతా పదకొండు మందీ బయల్దేరతారు, ఆమె కూర్చుంటే వాళ్ళూ కూర్చుంటారు. నా పత్తి ఇంటికి చేరడమా, చేలోనే తడిసి నల్లబడడమా అన్నది ఆ ఒక్క మనిషి చేతిలో ఉంటుంది. ఈ సంగతి నాకు ముప్పై ఏళ్ళు తెలియలేదంటే, అప్పట్లో వ్యవస్థ ఎంత చక్కగా నడిచిందో చూడండి!

ఆ రోజులే వేరు. శ్రావణంలో పనులు తగ్గేవి, వాళ్ళింట్లో బియ్యం డబ్బా అడుగు కనబడేది. సమ్మమ్మ మా షెడ్డు ముందుకొచ్చి నిలబడి, ‘పటేలా, జర రెండు వేలియ్యి’ అనేది. నేను వెంటనే తీసి ఇచ్చేవాణ్ణి. నాది జాలిగుండె! నా షరతు చాలా చిన్నది. కార్తీకంలో ముందు నా పత్తే ఏరాలి, కిలోకు నేను చెప్పిందే రేటు. ‘నీ దయ పటేలా’ అనేది. దీన్ని నేను ఆత్మీయత అనుకునేవాణ్ణి. కిలోకు పది రూపాయల ఆత్మీయత.

మనవరాలు మహితను కూడా వెంట తెచ్చేది. పిల్ల తల్లిదండ్రులు ఇటుక బట్టీలకు వలస పోతే అమ్మమ్మే సాకుతోంది. దసరా సెలవులకు బడి వదిలితే ఆ పిల్ల మళ్ళీ బడి ముఖం చూసేది పత్తి అయిపోయాకే. చిన్న వేళ్ళు కదా, కాయలోంచి దూది చకచకా లాగేసేది. దేశానికి నా వంతుగా స్కిల్ డెవలప్‌మెంట్ చేస్తున్నానని గర్వపడేవాణ్ణి. ఫీజు కూడా తీసుకోలేదు.

పోయినేడాది పత్తి ఏరడం అయిపోయాక సమ్మమ్మకు పింఛను మంజూరైంది. నెలకు రెండు వేల చిల్లర. నేను నవ్వుకున్నాను. రెండు వేలు కూడా డబ్బేనా అండీ? మా ఆవిడ సుభాషిణి బ్యూటీ పార్లర్‌లో పచ్చళ్ళ రెసిపీ చెప్పి వస్తేనే అంత ఖర్చవుతుంది. అంత మాత్రానికి ఒక కుటుంబం ఏం మారిపోతుంది?

ఏం మారిందో వినండి. మొదటి దెబ్బ కిరాణా కొట్టు బాలకిషన్‌కు తగిలింది. ఆ ఇంటికి ఏళ్ళ తరబడి రోజుకో పది రూపాయల నూనె ప్యాకెట్ అమ్ముకుని బతికినవాడు. ఇప్పుడు ఆమె నెల మొదట్లోనే లీటరు ప్యాకెట్ కొనేస్తోంది! అంతటితో ఆగిందా? చిన్న ప్యాకెట్లతో ఇన్నేళ్ళూ ఎంత ఎక్కువ కట్టానని అడిగిందట. పాపం, బాలకిషన్ ఆ రోజు కొట్టు తొందరగా మూసేశాడు.

ఆమె భర్త యాకయ్య సంగతి మరీ ఘోరం. దవాఖానలో బీపీ గోళీలు లేవన్న నెలల్లో బయట కొని, ఒక గోళీని విరిచి రెండు రోజులు వేసుకునేవాడు. ఎంత పొదుపు! ఇప్పుడు రోజుకొకటి నిండు గోళీ మింగుతున్నాడు. తల తిరగడం తగ్గింది, గోడ పట్టుకోకుండా తిన్నగా నడుస్తున్నాడు. నెలాఖరులో ఆ ఇంట్లోంచి కోడిగుడ్డు పొరటు వాసన వచ్చిందని కూడా వార్త అందింది. మొదటి వారంలో అయితే అర్థం చేసుకోవచ్చు, నెలాఖరులో ఏమిటండీ?

వీటన్నిటినీ మించి, ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ కొని గుమ్మం ముందు వేసింది. పని లేనప్పుడు అందులో కూర్చుంటోందట! పని లేనప్పుడు కూర్చోవడం ఏం పద్ధతి? మనం పని ఉన్నప్పుడు కూడా కూర్చుంటాం, కాదనను. కానీ మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఈ శ్రావణంలో నేను రెండు వేలు జేబులో పెట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాను. సమ్మమ్మ రాలేదు. దారిన పోతుంటే నేనే పిలిచి, తీసుకొమ్మన్నాను. ‘ఇప్పుడు అక్కెర లేదు సారూ’ అంది. అప్పు వద్దనే మనిషిని ఏం చేయాలో ఏ చట్టంలోనూ లేదు. పైగా గమనించారా, ‘పటేలా’ పోయి ‘సారూ’ వచ్చింది.

కార్తీకం వచ్చింది. కాయలన్నీ పగిలి ఐదెకరాలూ తెల్లగా విచ్చుకున్నాయి. టీవీలో ఒకమ్మాయి నవ్వుతూ అల్పపీడనం ఉందని, శుక్రవారం నుంచి వానలని చెప్పింది. తడిస్తే పత్తి రంగు పోతుంది, రేటు సగానికి పడుతుంది. ఏడాది పంట! సోమవారం పొద్దున్నే సమ్మమ్మకు ఫోన్ చేసి, రేపే ముఠాతో రమ్మన్నాను. ఆమె హాయిగా, ‘సూద్దాం తియ్ సారూ’ అని పెట్టేసింది.

సూద్దాం తియ్! ముప్పై ఏళ్ళలో ఆ నోట నేను వినని మాట.

ఈ ఒక్క మాట వల్ల నాకు కలిగిన మేలు చూడండి. కంగారుతో డాబా మీద అటూ ఇటూ తిరిగితే ఒక్క రోజులో పదకొండు వేల స్టెప్పులని ఫోన్ అభినందించింది. షుగర్ రెండు వందల నలభై నుంచి నూట అరవైకి దిగింది. మా డాక్టర్ హరికృష్ణ ఆశ్చర్యపోయి ఏం మందు వాడుతున్నారని అడిగారు. అన్నం సహించడం లేదని చెప్పాను, అదే కంటిన్యూ చేయమన్నారు.

అహంకారం పోగొట్టుకోవడానికి జనం ఆశ్రమాలకు వెళ్ళి ప్యాకేజీలు కడుతున్నారు. నాకు ఫోన్లోనే, పైసా ఖర్చు లేకుండా పోయింది. దాంపత్యం కూడా మెరుగైంది. టీవీ రిమోట్ గురించి తప్ప మాట్లాడుకోని మా ఆవిడా నేనూ కలిసి రెండు గంటలు ప్రభుత్వాన్ని తిట్టాం. పెళ్ళైన కొత్తలో కూడా మా మధ్య ఇంత ఏకాభిప్రాయం లేదు.

మంగళవారం నేనే ఆమె ఇంటికి వెళ్ళాను. ఆ ఊరికి నాకు ముప్పై ఏళ్ళుగా రాకపోకలు. ఆ వాడకు ఒక సీసీ రోడ్డు ఉందని, అందులో ఆమె ఇల్లుందని ఆ రోజే తెలిసింది. సమ్మమ్మ కుర్చీలో ఉంది. నన్ను చూసి లేచి, కుర్చీ నా వైపు జరిపి, ‘కూసో సారూ, ఎండలవడి వచ్చినవ్’ అంది. ఆమె గడప మీద కూర్చుంది. నేను కుర్చీలో కూర్చుని బతిమాలాను.

‘రేపు రాలేం సారూ. మా పిల్ల బడిల మీటింగున్నది, తొమ్మిదో తరగతి. పెద్దోళ్ళు రావాలెనని టీచరమ్మ చెప్పింది. మా ముఠాల ఇంకో నలుగురి పిల్లలు గూడ ఆడనే సదువుతాండ్రు. బేస్తారం వస్తం.’

‘శుక్రవారం వానొస్తోంది సమ్మమ్మా! మీటింగ్‌కు యాకయ్యను పంపు. పిల్లను కూడా రెండు రోజులు తీసుకురా, చురుకైన పిల్ల’ అన్నాను.

‘పిల్ల రాదు సారూ. పోయినేడు నీ పత్తి కోసం మూణ్ణెల్లు బడి ఇడిసిపెట్టింది, లెక్కలల్ల తప్పింది. నీ పత్తి మళ్ళేడు గూడ పండుతది. దాని తొమ్మిదో తరగతి మళ్ళ రాదు.’

నాకు సిగ్గేసింది. పాఠకులు అపార్థం చేసుకోవద్దు, వెంటనే సర్దుకున్నాను. రేటు సంగతికి వచ్చాను.

‘కిలోకు పద్నాలుగు. తొమ్మిదింటికి వస్తం. ఆటో నువ్వే పంపాలె. నడుమ ఒక్కపారి చాయ్.’

‘పద్నాలుగా! పోయినేడు పదికే ఏరావు కదా?’

‘పోయినేడు అక్కెర నాకుండె సారూ. ఈయేడు నీకున్నది.’

కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. టైమెంతైందో చెప్పినట్టు చెప్పింది. ఎకనామిక్స్ పుస్తకాలు కొనకుండా మిగిలిన డబ్బు కూడా లాభంలోనే వేసుకోండి.

బుధవారం ఖాళీగా ఎందుకుండాలని నేనూ మా ఆవిడా చేలోకి దిగాం. టోపీలు, గ్లౌజులు, సన్‌స్క్రీన్, రెండు లీటర్ల మజ్జిగ. మొదటి పది నిమిషాలు సెల్ఫీలకు పోయాయి. తర్వాత ఎండిన కాయల అంచులు గ్లౌజుల్లోంచి కూడా గోళ్ళ కింద గుచ్చుకున్నాయి. మధ్యాహ్నానికి నడుము వంచితే లేవలేదు, లేస్తే వంగలేదు. ఇద్దరం కలిసి ఏరింది కాంటా వేస్తే నాలుగున్నర కిలోలు, ఆకులతో సహా. పాత రేటున నలభై ఐదు రూపాయలు!

‘ఏమండీ, ఈ రేటు పెట్టినవాడు మనిషేనా?’ అంది మా ఆవిడ నడుం పట్టుకుని.

నేను మబ్బులెటు పోతున్నాయో చూశాను.

గురువారం తొమ్మిదింటికి ఆటో వచ్చింది. దాని వెనక ఇంకో రెండు ఆటోలు! ఐదెకరాలు తన పన్నెండు మందితో ఒక్క రోజులో తెమలదని, పక్క వాడల నుంచి రెండు ముఠాలను కూడా సమ్మమ్మ పిలుచుకొచ్చింది. మొత్తం ముప్పై ఆరు మంది. నేను అడగలేదు, ఆమెకే అనిపించిందట. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కళ్ళు చెమర్చాయి.

బుధవారం నేర్చుకున్న విద్య చూపిద్దామని నేనూ ఒక కాయ అందుకున్నాను. సమ్మమ్మ పక్క సాలులోంచి అరిచింది. ‘గట్ల గుంజకు తమ్మీ, కొమ్మ ఇరుగుతాంది! మూడు వేళ్ళతోని మెల్లగ తియ్యాలె.’ సారూ నుంచి తమ్మీకి! పార్లర్‌కు వెళ్ళకుండానే నా వయసు పదేళ్ళు తగ్గింది.

చివరి బస్తా షెడ్డులో పడేసరికి మబ్బు కమ్ముకొచ్చింది. నా పత్తి దక్కింది! గుండె నిండిపోయి, వీళ్ళకు నాలుగు మంచి మాటలు చెప్పాలనిపించింది. రైతు అన్నాక కూలీల బాగు కోరాలి కదా?

‘సమ్మమ్మా, నువ్వు మంచిదానివి కాబట్టి చెబుతున్నాను. ఊరికే వచ్చిపడే పైసలు మనిషిని సోమరిని చేస్తాయి. పని మానేయాలనిపిస్తుంది. జాగ్రత్త!’

ఆ రోజు యాభై రెండు కిలోలు ఏరిన సమ్మమ్మ, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి దులుపుతూ ఆగింది.

‘అట్లనా తమ్మీ? ఎకరానికి ఇంత అని సర్కారు నీకు గూడ ఏస్తాందంట గద?’

‘వేస్తోంది. ఐదెకరాలకూ పడుతున్నాయి’ అన్నాను గర్వంగా.

‘మరి నీకు పడవట్టినంక నువ్వేం పని ఇడిసిపెట్టినవ్?’

వెటకారం కాదండీ. ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టు అడిగింది. ముప్పై ఆరు మందీ గుడ్డలు దులపడం ఆపి నా వైపు చూశారు.

నేను నిజాయితీగా ఆలోచించాను. దున్నింది ఎల్లస్వామి ట్రాక్టరు. గింజలు పెట్టింది, కలుపు తీసింది, ఇప్పుడు ఏరింది వీళ్ళు. మందు కొట్టింది కూడా వీళ్ళ ఇళ్ళవాళ్ళే. నేను గట్టు మీద నిలబడేవాణ్ణి, అదింకా మానలేదు. ఒక పూట పత్తి ఏరాను, అది మానేశాను. కానీ మానేసింది డబ్బులు పడినందుకు కాదు, నడుము పట్టినందుకు. ఈ కాలమ్ రాయడం మానేద్దామంటే ఎడిటర్ గారు సంతోషిస్తారని భయం.

పదిహేను రోజుల్లో రెండో విడత పత్తి ఏరడానికి వాళ్ళు మళ్ళీ వస్తారు. సమ్మమ్మ తప్పకుండా అడుగుతుంది. పాఠక మహాశయులారా, ఆలోగా దయచేసి నాకేదైనా ఒక పని చూపించండి. చేయడానికి కాదు, మానేశానని చెప్పుకోవడానికి!