ఆరెంజి జాకెట్ వెనకాల

ఆదివారం పొద్దున్నే డ్రైవింగ్ స్కూలు మాస్టారు అద్దం ముందు నిలబడి ఆరెంజి రంగు జాకెట్ సర్దుకుంటున్నారు. వీపు మీద మెరిసే పట్టీలున్న ఆ జాకెట్ లేకుండా రోడ్డెక్కితే ఆయనకు ఒంటి మీద బట్టల్లేనట్టే ఉంటుంది.

"నాన్నా, ఇవాళ డ్యూటీ కాదు. ఊరి బయట చేలు చూసుకుంటూ బ్యాటరీ సైకిల్ మీద అలా తిరిగి రావడమే," అంది కూతురు.

"రోడ్డు ఉందంటే డ్యూటీ ఉన్నట్టేనమ్మా," అన్నారు మాస్టారు.

కూతురు మరి వాదించలేదు. ఆమెకు కావలసింది జాకెట్ గురించిన తీర్పు కాదు, తన పెళ్ళి కుదరడం. ఆమె పెళ్ళి చేసుకోవాలనుకున్న అబ్బాయి తల్లి లైసెన్సు పరీక్షలు పెట్టే ఇన్‌స్పెక్టరమ్మ. మాస్టారు "బంగారంలా నడుపుతాడు" అని పంపిన ప్రతి శిష్యుణ్ణీ ఆవిడ రెండోసారి రమ్మని తిప్పి పంపేది. అద్దంలో చూడలేదని ఒకణ్ణి, మరీ ఎక్కువసేపు చూశాడని ఇంకొకణ్ణి. పెళ్ళి మాటలకని రెండుసార్లు కలిసినప్పుడూ ఇద్దరి మధ్యా మాట పార్కింగ్ దగ్గరే ఆగిపోయింది. చల్లగాలి తగిలితే మనసులు మెత్తబడతాయని పిల్లలిద్దరూ కూడబలుక్కుని రెండు ఎలక్ట్రిక్ సైకిళ్ళు అద్దెకు మాట్లాడారు. మాస్టారి భార్య మోకాళ్ళ నొప్పులని తప్పుకుంది. ఇన్‌స్పెక్టరమ్మ భర్త ఓడలో ఇంజనీరు, ఎప్పుడూ సముద్రం మీదే ఉంటాడు.

సైకిళ్ళ షాపు ముందు ఆవిడ అప్పటికే హెల్మెట్ పట్టీ బిగించుకుని నిలబడి ఉంది.

"ఇది ఎప్పుడైనా నడిపారా మాస్టారూ?" అంది.

"చక్రమున్నదేదైనా నా చేతికొస్తే చెప్పినట్టు వింటుందండీ," అంటూ ఆయన మోటారును ఏకంగా పై గేరులో పెట్టి పెడల్ మీద కాలు వేశారు. సైకిల్ ఒక్క గెంతు గెంతి, షాపు ముందున్న పూలకుండీని రాసుకుంటూ రోడ్డెక్కింది. అదంతా తను అనుకుని చేసినట్టే ఆయన వెనక్కి తిరగకుండా సాగిపోయారు. ఆవిడ పక్కకు జరిగిన కుండీని సరిచేసి వెనకే బయలుదేరింది. ఏమైనా అని ఉంటేనే ఆయనకు కొంచెం స్థిమితంగా ఉండేది.

ఊరు దాటగానే పొద్దుతిరుగుడు చేలు మొదలయ్యాయి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క మెల్లగా పైకి లేచే గుట్టలు. కాలు ఆడించడం మనవంతు, కష్టపడడం మోటారు వంతు. మాస్టారి ఛాతీ విచ్చుకుంది. పైగా వెనక నుంచి సైకిళ్ళ చప్పుడు వినిపిస్తోంది. తిరిగి చూస్తే హెల్మెట్లు పెట్టుకున్న జనం, ఆడా మగా బారు తీరి వస్తున్నారు. ఆయన వేగం పెంచితే వాళ్ళూ పెంచుతున్నారు, తగ్గిస్తే తగ్గిస్తున్నారు.

సంగతేమిటంటే, అదే షాపు నుంచి ఒక టూరు బృందం కూడా బయలుదేరింది. ఏటి ఒడ్డున భోజనాలు సిద్ధం చేయడానికి గైడు వ్యానులో ముందుగా వెళ్ళిపోతూ, "ఆరెంజి జాకెట్ ఆయన వెనకే వెళ్ళండి, ఆయన మా మనిషి," అని చెప్పి వెళ్ళింది. ఆ మనిషి సైకిల్‌కి షాపు వెనకాలే పంక్చరు అయింది. వీళ్ళకు కనిపించిన మొదటి ఆరెంజి జాకెట్ మాస్టారిది.

"సార్, ఈ కాలువ ఎప్పటిది?" అని బృందంలోంచి ఒక పెద్దాయన పక్కకొచ్చి అడిగాడు.

"చాలా పాతదండీ," అన్నారు మాస్టారు, తెలియదని చెప్పే అలవాటు లేక. "అప్పట్లో వీటిని చేత్తో తవ్వేవాళ్ళు."

పెద్దాయన వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడు. ఆ తర్వాత పిట్టల గురించి, గుట్టల గురించి వరసగా ప్రశ్నలు. తన ముఖంలోనే ఏదో విద్వత్తు ఉందనుకున్న మాస్టారు ఒక్కరినీ నిరాశపరచలేదు.

రోడ్డు రెండుగా చీలే చోట ఆయన చొక్కా ఎడమ చేతిలో ఒక పురుగు దూరింది. చేయి బారుగా చాపి విదిలించారు. అది సాక్షాత్తూ ఎడమకు తిరుగుతున్నాననే సంకేతం. ఇన్‌స్పెక్టరమ్మ చక్కగా ఎడమ మట్టిబాట పట్టింది. ఆవిడ వెనక బృందమంతా తిరిగింది. నేరుగా పోయిన మాస్టారు ఒక్కరే మిగిలి, వెనక్కొచ్చి అందరినీ దాటుకుంటూ ముందుకు చేరేసరికి చెమట పట్టింది.

"అటు చాపి ఇటు వెళ్ళారేం?" అంది ఆవిడ.

"అందరూ తిరిగారో లేదో చూసి రావాలి కదండీ," అన్నారు ఆయన, తొణక్కుండా.

ఆ బాట తిన్నగా ఒక ద్రాక్షతోట గేటు ముందు ఆగిపోయింది. చేతిలో కత్తెరతో తోటావిడ ఎదురొచ్చింది. "సైకిళ్ళ మీద వస్తామన్నది మీరేనా? ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నా," అంది.

ఇది పిల్లలు రహస్యంగా చేసిన ఏర్పాటు కాబోలనుకున్నారు మాస్టారు. "మేమేనండీ," అన్నారు నిబ్బరంగా. ఇదంతా మాస్టారి ఏర్పాటనుకుంది ఇన్‌స్పెక్టరమ్మ. టూరులో ఇదొక భాగమనుకున్నారు మిగతావాళ్ళు. అసలు ఆ తోటకు రావలసింది పట్నంలోని ఒక ఆఫీసు ఉద్యోగులు. సాయంత్రం వాన పడుతుందని, ఈలోగా గుత్తులు కోసేయకపోతే పంట కుళ్ళిపోతుందని తోటావిడ సాయం అడిగితే వాళ్ళు సరదాగా ఒప్పుకున్నారు.

తలా ఒక కత్తెర చేతికొచ్చింది. తెలిసినవాడిలా తీగ పట్టుకుని మాస్టారు కాడకు బదులు కొమ్మ కోశారు. ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికొచ్చి, "ఇలా కాదు, గుత్తిని అరచేతిలో పెట్టుకుని కోయండి," అని చూపించింది. అలా పక్కపక్కనే కోస్తూ వరస చివరికొచ్చేసరికి ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నోట్లో రెండు పళ్ళు వేసుకుని, కొడుకు చిన్నప్పుడు చేసిన అల్లరి చెబుతోంది. ఆవిడకు నవ్వడం వచ్చని మాస్టారికి అప్పుడే తెలిసింది. మబ్బులు కమ్ముకొస్తుంటే బృందంలోని పెద్దాయన "కానీయండి, కానీయండి" అని అందరినీ తొందర పెట్టాడు. ఆఖరి పెట్టె షెడ్డులోకి చేరడమూ చినుకులు మొదలవడమూ ఒకేసారి జరిగాయి.

వాన వెంటే వ్యాను వచ్చింది. గైడు దిగీ దిగగానే, "మా వాళ్ళంతా ఇక్కడున్నారా? మరి ఏటి దగ్గర నేను అన్నం పెట్టింది ఎవరికి?" అంది.

తోటకు వస్తూ దారి తప్పిన ఆఫీసువాళ్ళు ఏటి ఒడ్డుకు చేరారు. గైడు వాళ్ళను కూర్చోబెట్టి వంతెన చరిత్రంతా చెప్పింది. కడుపునిండా తిని, చేతులు కడుక్కున్నాక గానీ వాళ్ళు ద్రాక్షతోట ఎటని అడగలేదు. దాంతో అనుమానం వచ్చి గైడు ఇటు వ్యాను తిప్పింది.

"వీళ్ళను ఎడమకు తిప్పిందెవరు?" అంది గైడు షెడ్డంతా కలయజూస్తూ.

తన వెనకున్నది టూరు బృందమని మాస్టారికి ఇప్పుడే అర్థమైంది. కాబోయే వియ్యపురాలి ఎదుట తను ఊరూపేరూ తెలియని జనాన్ని వెంటేసుకుని తోటలో కూలి చేయించారు. పెళ్ళి మాట ఇంతటితో సరి అనుకుంటూ, "అది..." అని లేవబోయారు.

"నేనే తిప్పాను," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ముందు తిరిగింది నేను. ఆయన నా వెనక వచ్చారు."

గైడు ఇంకేదో అనబోతే బృందంలోని పెద్దాయన అడ్డొచ్చాడు. "ఇలాంటి టూరు నా జన్మలో చూళ్ళేదమ్మా. మళ్ళీ వారం కూడా ఈ సార్‌గారే వస్తారా?" అన్నాడు. అందరూ అదే మాట. తోటావిడ పళ్ళెం నిండా ద్రాక్షపళ్ళు తెచ్చి గైడు చేతిలో పెట్టేసరికి ఆమె కోపమూ చల్లారింది.

వాన వెలిశాక ఇద్దరూ తడి బాట మీద మెల్లగా వెనక్కి బయలుదేరారు. కొంతదూరం వెళ్ళాక మాస్టారు ఆగలేకపోయారు.

"నిజానికి అది సంకేతం కాదండీ. చొక్కాలో పురుగు దూరింది."

"విదిలించడం చూశాను అన్నయ్యగారూ," అంది ఆవిడ. "ఆ పక్కబాట చూడగానే వెళ్ళాలనిపించింది. ఎంతసేపూ ఒకరి పక్కన కూర్చుని తప్పులు పట్టడమేగా నా పని. మీ చేయి సాకుగా దొరికింది."

అన్నయ్యగారన్న మాట చెవిన పడగానే మాస్టారి సైకిల్ కొంచెం వంకర పోయింది. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఆ సాయంత్రమే షాపు నుంచి ఫోను వచ్చింది. ద్రాక్షతోట టూరుకు జనం ఎగబడుతున్నారని, ఆ ఇద్దరు గైడ్లూ దయచేసి ప్రతి ఆదివారం రావాలని. ఇద్దరూ ఒకరినొకరు అడగకుండానే ఒప్పుకున్నారు. మర్నాడు పిల్లలు ఆనందంగా పెళ్ళి తేదీ సంగతి ఎత్తితే, ఏ రోజైనా తమకు సమ్మతమేనని, ఒక్క ఆదివారం మాత్రం కుదరదని పెద్దవాళ్ళు ఖండితంగా చెప్పేశారు.