చైర్మన్ గారింటికి గడ్డి

"ప్రజలు చెమటలు కక్కుతుంటే నేను ఏసీలో కూర్చోలేను. ఈ వేసవంతా మా ఇంట్లో కూలరే!" అని వేసవి ఉపశమన కార్పొరేషన్ చైర్మన్ మోహనకృష్ణ గారు బందరులో, ఒక ఏసీ హాల్లో ప్రకటించారు. సోమవారం పదింటికి టీవీ వాళ్ళు ఇంటికొచ్చి ఆ త్యాగాన్ని లైవ్‌లో చూపాలని అక్కడే నిర్ణయమైంది.

పీఏ సాంబశివరావుకి మేడమీద ఏళ్ళుగా మూలపడున్న కూలర్ గుర్తొచ్చింది. పాపం, అతనిది కాంట్రాక్టు ఉద్యోగం. రెన్యువల్ కాగితం మూడు వారాలుగా చైర్మన్ గారి బల్లమీదే ఉంది.

"సోమవారం కూలర్ తిరగాలోయ్. తిరిగితే నీ కాగితం మీద సంతకం పెడతా," అన్నారు చైర్మన్ గారు కారెక్కుతూ.

మేడమీది కూలర్‌ని దించారు. మెకానిక్ రాజ్ కుమార్ తొట్టి కడిగాడు, పంపు తిప్పి చూశాడు. పక్క తలుపులు ఊడదీసేసరికి లోపలి గడ్డి పొడిపొడిగా రాలింది.

"గడ్డి మారిస్తే చాలండి. మీ హాలు ఊటీయే."

బజారులో కొంటే గంటలో అయ్యే పని. కానీ చైర్మన్ గారు నిబంధనల మనిషి. సొంత జేబుతో ప్రజాసేవ ఆయనకు గిట్టదు. ఆఫీసు నుంచే తెప్పించమన్నారు. సాంబశివరావు ఇండెంటు రాశాడు: చైర్మన్ గారి నివాసానికి గడ్డి, అత్యవసరం.

కార్పొరేషన్‌లో మజ్జిగకొక సెక్షన్, గొడుగులకొకటి, ఎండలకి మేత దొరకని పశువులకి గడ్డి పంపడానికొకటి ఉన్నాయి. ఇండెంటు సక్రమంగా మూడోదానికే వెళ్ళింది. ఆ సీటులో ఉన్న సులోచన గారు శనివారం ఫోను చేశారు.

"ఏవండీ, చైర్మన్ గారింట్లో గడ్డి తినేవాళ్ళెంతమందండీ?"

"ఎవరూ లేరండీ! కూలర్‌కండీ!"

"కూలర్ తింటుందాండీ?"

"తినదండీ, లోపల పెట్టుకుంటుందండీ."

"మా ఫారంలో పెట్టుకునేవాళ్ళకి గడి లేదండీ. అర్జెంటన్నారు గనక సరుకు పంపేస్తున్నా. ఫారం మీరు నింపి తెండి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆడిట్ వాళ్ళు మీ మెడకే చుడతారు."

సోమవారం పదింటికి టీవీ వ్యానూ, పమిడిముక్కల నుంచి వరిగడ్డి ట్రాక్టరూ ఒకేసారి గేటు ముందు ఆగాయి.

సాంబశివరావుకి కాళ్ళాడలేదు. చైర్మన్ గారికి మాత్రం నోరాడింది. ఒక పరక తీసి కళ్ళకద్దుకున్నారు. "రైతుబిడ్డనమ్మా! మన డెల్టా గడ్డి మీదుగా వచ్చే గాలే నాకు గాలి!"

రాజ్ కుమార్ మూడు వైపులా వరిగడ్డి కుక్కి స్విచ్ వేశాడు. కూలర్ ఒక్క దగ్గు దగ్గింది. యాంకర్ మాధవీలత జుట్టునిండా పొట్టు.

"చల్లగా ఉంది కదమ్మా?"

"చాలా చల్లగా ఉంది సార్," అందామె నిజాయితీగా. వెనక గదిలో ఏసీ పొద్దుటి నుంచీ పద్దెనిమిది మీద ఉంది. తలుపు ఓరగా తీసే ఉంచారు.

అదే అదనుగా సాంబశివరావు ఫైలు అందించాడు. పైన రెన్యువల్ కాగితం, కింద గడ్డి ఫారం. ఫారంలో అన్ని గడులూ నింపాడు, ఒక్కటి తప్ప. అక్కడ అబద్ధం రాయడానికి చెయ్యి రాక, అడిగి రాద్దామని పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నాడు.

చదవకుండా సంతకం పెట్టడంలో చైర్మన్ గారికి జిల్లాలోనే పేరుంది. కెమెరా వైపు నవ్వుతూ, టిక్కు కనిపించిన చోటల్లా సంతకం పెట్టి, కింద పేరూ హోదా రాసేశారు.

ఉద్యోగం నిలబడింది. సాంబశివరావు ఫారం పట్టుకుని సులోచన గారి దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పైకే చదివారు.

"నివాసంలో గడ్డి తినువారి వివరములు. పేరు: మోహనకృష్ణ. హోదా: చైర్మన్."

సాంబశివరావు గబుక్కున పెన్ను తీశాడు. "పొరపాటండీ! కొట్టేసి ఎద్దని రాయమంటారా?"

"ఎందుకండీ? బానే ఉందిగా," అంటూ ఆవిడ సొరుగులోంచి రబ్బరు స్టాంపు తీసి, సిరాలో అద్ది, గట్టిగా గుద్దారు:

'విచారించడమైనది. వాస్తవమే.'